ఫసలీ లెక్కన పిట్టల పద్దు

దిగువ కృష్ణా డెల్టాలో అడవి ప్రాణుల ఏటి జాబితా జనవరితో కాక కాలువ నీళ్లతో మొదలుకావాలి

ఒక మనిషి గానీ ఒక బృందం గానీ ఏడాది పొడవునా తమ కంటపడిన అడవి పక్షులను, జంతువులను, పాములను, తాబేళ్లను తేదీ, చోటు, సంఖ్యలతో సహా రాసిపెట్టుకునే పుస్తకాన్ని ఏటి జాబితా అంటారు. ఏడాది నిండగానే ఆ పుస్తకాన్ని మూసి, మళ్లీ కాకి, గోరింకల నుంచి కొత్తది మొదలుపెట్టడం దాని నియమం. బతుకంతా చూసిన జాతులను ఒకేచోట పోగేసే జీవిత జాబితాకూ దీనికీ తేడా అక్కడే ఉంది. జీవిత జాబితాలో ఒకసారి చోటు దొరికిన పక్షి ఆ తర్వాత ఊరు విడిచిపోయినా దాని పేరు చెరగదు. ఏటి జాబితాలో మాత్రం అది ఏటేటా వచ్చి కనిపిస్తే తప్ప పేరు ఎక్కదు.

ఈ అలవాటుకు ఆనవాళ్లు పడమటి దేశాల్లో ఉన్నాయి. క్రిస్మస్ నాడు తుపాకులు పట్టుకుని పక్షుల వేటకు పోయే ఆచారానికి బదులు వాటిని లెక్కపెడదామని 1900లో అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించగా, ఆ లెక్కింపు ఇప్పటికీ ఏటా సాగుతోంది. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోగా ఎవరు ఎక్కువ జాతులను చూస్తారన్న పందెం 'బిగ్ ఇయర్' పేరుతో తర్వాత స్థిరపడింది. 2015లో నోవా స్ట్రైకర్ అనే అమెరికన్ ఖండాలన్నీ చుట్టి 6,042 జాతులను నమోదు చేశాడు. అంత తిరుగుడు తిరగడం గొప్పే గాని, అటువంటి జాబితా ఆ మనిషి గురించి చెప్పినంతగా ఏ ఊరి గురించీ చెప్పదు. ఒక ప్రాంతానికి పనికివచ్చే జాబితా తయారుకావాలంటే కాళ్ల కింద నేల మారకూడదు, మారేది కాలం ఒక్కటే కావాలి.

అటువంటి జాబితాకు మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమలు కలిసిన దిగువ కృష్ణా డెల్టా అనువైన నేల. గుడివాడ నుంచి కైకలూరు వైపు కొల్లేరు సరస్సు దాకా వరిచేలు, చేపల చెరువులు, మురుగు కాలువలతో నిండిన మంచినీటి సీమ ఉంది. బందరు చుట్టూ సముద్రపు పోటు ఎక్కి దిగే ఉప్పు పర్రలు, మంగినపూడి ఇసుక తీరం, గిలకలదిండి ఏటి మొగ ఉన్నాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, వాటి నడుమ దివిసీమను నిలిపి, నాగాయలంక, కోడూరు మండలాల అంచున మడ అడవులను పెంచి, హంసలదీవి దిక్కున సముద్రంలో కలుస్తుంది. ఉప్పునీటిలో వేళ్లూనే తిల్ల, పొన్న జాతులు, గాలి పీల్చుకోవడానికి బురదలోంచి వేళ్లను పైకి పొడిచే మడ చెట్లు కలిసిన గుంపునే మడ అడవి అంటారు. ఇక్కడి మడల్లో 194.81 చదరపు కిలోమీటర్లను 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇంత దగ్గర దగ్గరగా మంచినీరు, ఉప్పునీరు, రెండూ కలిసిన నీరు ఉండటం వల్ల ఒకే రోజు తెల్లవారుజామున బొల్లికోడిని, మధ్యాహ్నం సముద్రపు ఉల్లంకిని (శాండ్‌పైపర్‌ను), పొద్దుగూకే వేళ మడల్లో నల్లతల లకుముకిపిట్టను చూసే వీలు ఉంటుంది.

ఏడాది ఎక్కడ మొదలవుతుంది?

జనవరి 1న జాబితా తెరిచే పద్ధతి ఈ నేలకు నప్పదు. నవంబరులో కొల్లేటికి దిగి మార్చిలో తిరిగిపోయే సూదితోక బాతుల గుంపు ఒకే శీతకాలపు అతిథి అయినప్పటికీ, జనవరి జాబితాలో అది రెండు ఏళ్ల పద్దుల్లోకి రెండు ముక్కలవుతుంది. బాతులు పల్చగా వచ్చిన ఒక చెడ్డ శీతకాలం, దాని ముందటి శీతకాలపు మంచి జనవరితో కలిసిపోయి కంటికి ఆనకుండా పోవడం ఈ పద్ధతిలోని అసలు లోపం. ఈ సీమకు తగిన ఏడాది రెవెన్యూ కచేరీల్లో ఎన్నడో తయారై ఉంది. ఫసలీ అంటే పంటను బట్టి లెక్కించే సంవత్సరం. మొఘలుల కాలంలో శిస్తు వసూలు కోసం పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీలో జూలై 1న మొదలై జూన్ 30న ముగిసేదిగా అది కుదురుకుంది. గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా 1984లో గ్రామ లెక్కలు రాసే కరణాల వ్యవస్థను రద్దు చేసినా ఫసలీ మాత్రం రద్దు కాలేదు. 2025 జూలై 1న మొదలైనది ఫసలీ 1435. ఏ సర్వే నంబరులో ఏ ఫసలీకి ఏ పంట ఉందో చూపే అడంగల్ అనే గ్రామ లెక్క, పంట లేని చోట బీడు అని కూడా రాస్తుంది. పిట్టల పద్దు నేర్చుకోవలసినది ప్రధానంగా ఆ అడంగల్ నుంచే.

జూలైలో కాలువలకు నీళ్లు వదలగానే ఈ పద్దులో తొలి వరుసలు నిండుతాయి. 1855లో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957 నుంచి పనిచేస్తున్న ప్రకాశం బ్యారేజీ ఈ డెల్టాకు నీటి వేళలను నిర్ణయించాయి. పక్షుల వేళలూ వాటినే అనుసరిస్తున్నాయి. చేలల్లో దమ్ము చేసే ట్రాక్టరు వెనుక బురదలోంచి పైకి తేలే పురుగుల కోసం తెల్ల కొంగలు బారులు తీరుతాయి, మట్టిరంగులో ఉండి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడని గుడ్డికొంగ పొదిగే కాలపు ముదురు ఎరుపు వీపుతో కొత్త పిట్టలా కనిపిస్తుంది. కరకట్ట వెంట తాడిచెట్ల మట్టలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. కలువ, తామర ఆకుల మీద నడిచే జకానా అనే పొడవు కాళ్ల నీటిపక్షిలో ఆడది ఒకటికి మించిన మగవాటితో జతకట్టి గుడ్లు పెడుతుంది, పొదిగి పిల్లలను సాకే పని మగదానిదే; ఆ సంసారం చూడాలంటే వానలు పడుతుండగానే చెరువు గట్టుకు చేరాలి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వరిచేలు పచ్చబడుతున్నప్పుడే, ఉత్తర ధ్రువానికి దగ్గరలోని సైబీరియా మైదానాల్లో పొదుగుడు ముగించుకున్న ఉల్లంకులు బందరు పర్రల మీద దిగడం మొదలవుతుంది. సైబీరియా నుంచి మధ్య ఆసియా మీదుగా హిందూ మహాసముద్రం దాకా 30 దేశాలను కలుపుతూ సాగే ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు; కృష్ణా తీరం ఆ మార్గంలో ఒక మజిలీ. పెద్ద పక్షులు ముందు వస్తాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలు తమ తల్లిదండ్రుల తోడు లేకుండానే తర్వాత వస్తాయి. అందువల్ల ఆగస్టులో దిగిన వంపుముక్కు ఉల్లంకి పొట్టమీద ఇంకా ఇటుకరంగు మిగిలి ఉంటే, అక్టోబరుకు గుంపంతా బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ పక్షులను లెక్కపెట్టేవారికి గడియారం కంటే పంచాంగం ఎక్కువ అక్కరకు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దినాల పెద్ద పోటు బురదనేలను ముంచెత్తగా తిండి చోటు పోయిన పక్షులన్నీ మిట్టమీద ఒకేచోట ఒదిగి నిలుస్తాయి. లెక్కకు అంతకన్నా అనువైన వేళ లేదు. పాటు తీసినప్పుడు అవే పక్షులు కనుచూపు మేర చెదిరిపోయి, ఎంత మంచి దుర్భిణికీ లొంగవు. ఈ సంగతి గిలకలదిండి పల్లెకారులకు పుస్తకాలతో పనిలేకుండానే తెలుసు.

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకాన్ని ఒకే ఒక్క పేరున్న ఏటి జాబితా అనవచ్చు. 2018లో రాష్ట్ర పక్షి పదవి పాలపిట్ట నుంచి రామచిలుకకు మారినా దసరా మాత్రం ఆ ఉత్తర్వును పట్టించుకోలేదు. దసరా తర్వాత వచ్చే తుపాను వారాలు పద్దులో అన్నిటికంటే కష్టమైనవి. బందరును ముంచిన 1864 ఉప్పెన నవంబరు 1న వచ్చింది, దివిసీమను తుడిచిపెట్టిన 1977 ఉప్పెన నవంబరు 19న వచ్చింది. రెండూ వలస పక్షులు నిండుగా ఉండే రోజులే. తుపాను గాలికి నడిసముద్రపు పక్షులు నేలమీదికి కొట్టుకువస్తాయి కనుక గాలి తగ్గిన మరునాటి నమోదుకు ప్రత్యేకమైన విలువ ఉంది. అయితే మనుషుల ప్రాణాలు నిలిపే పని ముగిసేదాకా ఆ పుస్తకం సంచీలోనే ఉండాలి.

డిసెంబరులో సార్వా కోతలు ముగిసి, వరి దుబ్బుల మధ్య మినుము మొలకెత్తే వేళకు గుడివాడ సీమ పక్షులకు నెలవవుతుంది. చేపల పట్టుబడికి చెరువును తోడినప్పుడు అడుగున మిగిలే చిన్న చేపల కోసం గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, రకరకాల తెల్ల కొంగలు ఒక్కుమ్మడిగా దిగుతాయి. రైతుకు అవి నష్టం, లెక్కరాసేవారికి పంట. చెరువుల మీద వలలు, తీగలు కట్టి పక్షులను ఆపే ఏర్పాట్లు ఇక్కడ మామూలు కాబట్టి, ఏ చెరువు మీద వల ఉంది, దేనిమీద లేదు అన్నది కూడా పద్దులో ఎక్కవలసిన సంగతే. జనవరి రెండు, మూడు వారాల్లో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఈ గణనలో ఔత్సాహికులే చిత్తడినేలలకు వెళ్లి ఒకే పక్షంలో లెక్కలు తీసి పంపుతారు. జనవరి జాబితా పట్టుకున్నవారికి ఆ గణన ఏడాది తొలి పని, ఫసలీ జాబితా పట్టుకున్నవారికి ఏడాది నడిమి పని. అప్పటికే ఆరు నెలల నమోదు చేతిలో ఉంటే ఆ ఒక్కరోజు అంకె ఎక్కువో తక్కువో తేలుతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో దృష్టి నీటిమీంచి ఇసుకమీదికి మారుతుంది. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు రాత్రివేళ ఒడ్డుకు పాకివచ్చి, ఇసుకలో గుంత తవ్వి, వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి తిరిగి వెళుతుంది. తెల్లవారి కనిపించేది ట్రాక్టరు చక్రపు గాడిలాంటి దాని జాడ ఒక్కటే. నాగాయలంక, కోడూరు తీరాల్లో అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన పొదుగు కేంద్రాల్లో ఉంచి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతుంది. బతికిన తాబేళ్లను ఎంత శ్రద్ధగా రాస్తారో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లనూ అంతే శ్రద్ధగా రాయాలి. వలల్లో చిక్కి ఊపిరాడక ఎన్ని పోతున్నాయో తెలియడానికి ఆ వరుసలే ఆధారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా చేపల వేట నిషేధం, కాలువలు కట్టేయడం, మండుటెండలు కలిసి పద్దులో వేసవి పుటలను ఖాళీగా మిగులుస్తాయి. ఖాళీ పక్షులది కాదు, రాసేవారిది. ఎండిన చెరువు గర్భాల్లో తీతువు పిట్ట, పొడవు కాళ్ల స్టిల్ట్ గుడ్లు పెట్టేది అప్పుడే. మనుషుల అలికిడి లేని ఇసుక తిన్నెలమీద చిన్న టెర్న్‌లు పొదిగేదీ అప్పుడే. తిరుగు ప్రయాణానికి వయసు చాలని కొన్ని ఉల్లంకులు వేసవంతా ఇక్కడే ఉండిపోతాయి. వాటిని ఎవరూ రాయకపోతే అవి లేనట్టే లెక్క.

పోయిన గూళ్లు

ఇటువంటి నమోదు ఎందుకన్న ప్రశ్నకు కొల్లేటి గూడబాతుల చరిత్రే జవాబు. కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు (మలయాళ పాఠకులకు ఇందుచూడన్ పేరుతో పరిచయమైన రచయిత) పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర తాడిచెట్లమీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి, దాన్ని వివరిస్తూ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. అదే జర్నల్‌లో 1978లో అచ్చయిన మరో వ్యాసం ఆ స్థావరం ఇక లేదని ప్రకటించింది. రెండు వ్యాసాల నడుమ దాదాపు 30 ఏళ్లు ఉన్నాయి. ఆ మధ్యలో ఏ ఏడు ఎన్ని గూళ్లు తగ్గాయో, ఏ తోపు ముందు ఖాళీ అయిందో ఏటేటా రాసిన పుస్తకం ఒకటి ఉండి ఉంటే నష్టం జరుగుతుండగానే తెలిసేది, జరిగిపోయాక తెలిసి ప్రయోజనం లేదు. 1999లో కొల్లేరు అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కి, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగాక, కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ నిలిపిన ఇనుప మంచెలమీద గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. తాడిచెట్లు పోయి ఇనుప మంచెలు రావడాన్ని విజయమనాలో రాజీ అనాలో తేల్చడం కష్టం. పద్దులో మాత్రం గూడు దేనిమీద ఉందో విధిగా రాయాలి.

పత్రికలు ఏటా చేసే ఒక పొరపాటును కూడా ఈ పద్దు సరిదిద్దగలదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపుగా కనిపించినప్పుడల్లా 'సైబీరియా నుంచి విచ్చేసిన అతిథులు' అని రాయడం తెలుగు పత్రికలకు అలవాటైపోయింది. ఆ రెండూ ఇక్కడే పుట్టి, ఇక్కడే పొదిగి, నీళ్లను బట్టి ఈ దేశంలోనే తిరిగే పక్షులు. అసలు సైబీరియా నుంచి వచ్చిన గుప్పెడంత ఉల్లంకిని బందరు పర్రమీద ఎవరూ ఫొటో తీయరు. స్థానిక పేర్ల విషయంలోనూ ఇటువంటి అశ్రద్ధే ఉంది. 1862 నుంచి 1864 దాకా వెలువడిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో టి.సి. జెర్డన్ అనే సైనిక వైద్యుడు అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడా ఇచ్చాడు. వాల్టర్ ఇలియట్ అనే అధికారి ఉత్తర సర్కారు మొక్కల తెలుగు పేర్లతో 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకాన్ని 1859లో ప్రచురించాడు. ఆనాటి దొరలు పల్లెల్లో అడిగి రాసుకున్న పేర్లను నేటి జాబితాలు వదిలేస్తే, పరజ, బొల్లికోడి, మునుగుడుకోడి అన్న మాటలతో మాట్లాడే కొల్లేటి వడ్డీలకు గానీ, చేలల్లో ఎలుకలు పట్టే యానాదులకు గానీ ఆ పుస్తకంలో చోటు ఉండదు. చెప్పిన మనిషి ఊరును, ఆ మనిషి వాడిన పేరును ఒక గడిలో రాయడం వల్ల పోయేదేమీ లేదు.

రాత్రి, జాడ, శూన్యం

మడ అడవి జంతువులు పక్షుల్లా కళ్లెదుట నిలవవు. ఇంటిపిల్లికి రెండింతలుండి, నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లి రాత్రి సంచారి. అంతర్జాతీయంగా ముప్పు ఉన్న జాతుల్లో ఒకటైన ఈ జంతువుకు కృష్ణా మడలు ఆశ్రయం. దాని పద్దు బురదలోని అడుగుజాడలతో, జంతువు ఎదురుగా వచ్చినప్పుడు తనంతట తానే ఫొటో తీసే కెమెరాలతో నిండుతుంది. నీటికుక్కల ఉనికి గట్టుమీది పెంటలో మెరిసే చేపపొలుసులు చెబుతాయి. అందువల్ల జాబితాలో 'చూసినది', 'విన్నది', 'జాడ' అనే మూడు గడులు వేరుగా ఉండాలి. చీకట్లో మెరిసిన రెండు కళ్లను నక్కగానో బావురుపిల్లిగానో తేల్చిపారేయడం కంటే 'తెలియలేదు' అని రాయడం మేలు.

పాముల విషయంలో ఈ పద్దు మనుషుల ప్రాణాలకూ అక్కరకు వస్తుంది. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసకట్టినప్పుడు, ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో దేవాదాయశాఖ సర్పశాంతి యాగం జరిపించింది. భక్తితో తగవు పెట్టుకోనక్కరలేదు గాని, ఏ పాము, ఏ నెలలో, గడ్డివాము దగ్గరా చేలోనా ఇంట్లోనా అన్న ఏళ్లతరబడి నమోదు ఉంటే, ఆసుపత్రిలో మందు నిల్వకూ కూలీల జాగ్రత్తకూ అది ఆధారమయ్యేది. వానకు బొరియలు నిండి పాములు గట్లెక్కే కాలం ఏటా ఒకటే. విషంలేని నీటిపాములనూ కట్లపాము, రక్తపింజరలనూ వేరుచేసి రాయగలిగితే సగం భయం తగ్గుతుంది. దూరం నుంచి చూసి, పట్టకుండా, కదిలించకుండా రాయాలన్నది ఇక్కడ రాయితీలేని షరతు.

జాబితాలో అన్నిటికంటే కష్టమైన అంకె సున్న. వెళ్లిన చోట కనిపించిన జాతులన్నిటినీ, ఇష్టమైనవాటిని ఏరకుండా, గుర్తించగలిగినంత మేర రాసిన నమోదును పక్షి వీక్షకులు 'పూర్తి జాబితా' అంటారు. అమెరికాలోని కార్నెల్ సంస్థ 2002లో ఆరంభించిన ఈబర్డ్‌లో, అంటే పక్షుల నమోదులను దాచే కంప్యూటర్ ఖజానాలో, ఈ పూర్తి జాబితాలకే లెక్కల విలువ ఎక్కువ. పూర్తిగా రాసిన రోజున లేని పేరు ఆ పక్షి కనిపించలేదనడానికి సాక్ష్యమవుతుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 30,000కు మించిన పక్షి వీక్షకుల దాదాపు మూడు కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అంచనా వేయగలిగిందంటే, కారణం అరుదైన పక్షి వెంట పరుగులు కాదు, ఊరి చెరువు దగ్గర పదేపదే రాసిన కాకులు, పిచ్చుకలు, గోరింకలే. అడంగల్‌లో బీడు అని రాసినట్టే, నిరుడు ఉల్లంకులు దిగిన పర్రమీద ఈ ఏడు ఏమీ లేకపోతే 'శూన్యం' అని రాసి తేదీ వేయాలి.

పద్దుకు హద్దు జిల్లా కాకూడదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కైకలూరు ఏలూరు జిల్లాకు, కృష్ణా అభయారణ్యపు పడమటి ఒడ్డు బాపట్ల జిల్లాకు పోవడంతో, కృష్ణా జిల్లా పేరుతో రాసుకున్న పాత జాబితాలు కొత్తవాటితో పోలికకు అందకుండా పోయాయి. చెరువు పేరు, రేవు పేరు, లాకుల పేరు అయితే ఏ ప్రభుత్వానికీ మార్చే తొందర ఉండదు. ఈ జాగ్రత్తకు ఇప్పుడే పని పడింది. తపసిపూడి దగ్గర 2023 మే 22న బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి, నాగాయలంక దిక్కున క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. రెండింటికీ వాటి వాటి అవసరం ఉంది. అయితే పనులకు ముందు అక్కడ ఏముందో, తర్వాత ఏం మిగిలిందో చెప్పగల ఏటేటి నమోదు మాత్రం ఎవరి బాధ్యతల్లోనూ లేదు.

1843లో మొదలైన బందరు నోబుల్ కళాశాలకు, కృష్ణా విశ్వవిద్యాలయానికి, గుడివాడ అక్కినేని నాగేశ్వరరావు కళాశాలకు జీవశాస్త్ర విద్యార్థుల కొరత లేదు. ఒక్కొక్క సంస్థ రెండేసి చోట్లను ఎంచుకుని, నెలకోసారి ఒకే తిథిన, పోటు నిండే వేళకు వెళ్లి, ఒకే దారిన నడిచి, ఒకే గంటసేపు రాసినా చాలు. అభయారణ్యం లోపలికి అటవీశాఖ అనుమతి కావాలి కాబట్టి మొదటి ఏడాది కరకట్టమీంచి, రోడ్డు పక్క చెరువుల నుంచి మొదలుపెట్టవచ్చు. విద్యార్థులు మూడేళ్లకు వెళ్లిపోతారు గనుక పుస్తకం గ్రంథాలయంలోనే ఉండాలి, చివరి ఏడాదివారు మొదటి ఏడాదివారిని వెంటబెట్టుకుని ఒక ఫసలీ నడవాలి. అందరికీ చూపే ప్రతిలో మాత్రం బావురుపిల్లి నెలవు, తాబేలు గూడు, గూడబాతుల తోపు వంటి వాటికి చోటు పేరుకు బదులు మండలం పేరు రాసి, అసలు చోటును కళాశాల బీరువాలోని పుస్తకానికే పరిమితం చేయాలి. వలలు, ఉచ్చులు పట్టుకు తిరిగేవారూ జాబితాలు చదువుతారు.